అలారం ఆగిందా, మోగిందా? ‘గో ఆఫ్’ అర్థాల మీద ఒక కేస్ స్టడీ

విదేశాలకు వెళ్ళే నర్సులకు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, కొందరైతే నైట్ డ్యూటీ దిగి నేరుగా, క్లాసుకు వస్తారు. ఎక్కువమంది రాసేది ఓఈటీ. వైద్యరంగంలో ఉన్నవాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలోనూ 350, రాతలో 300 తెచ్చుకోవాలి. ఒక్కో విభాగానికి గరిష్ఠం 500.

ఈ కేసులోని నర్సుకు ఐసీయూలో ఆరేళ్ళ అనుభవం ఉంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. నా దగ్గరకు వచ్చేసరికి ఒకసారి పరీక్ష రాసి ఉంది. చదవడం, మాట్లాడటం, రాయడం మూడూ గట్టెక్కాయి. వినడంలో మాత్రం 320 దగ్గర ఆగింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, ఆసుపత్రి ఇక్కడ అవసరం లేదు.

వినడంలో వెనకబడ్డారంటే కోచింగ్ సెంటర్లలో సాధారణంగా చెప్పే మందు ఒకటే: ఇంకా వినండి, ఇంకా మాక్ టెస్టులు రాయండి. ఆమె అప్పటికే విపరీతంగా విని ఉంది. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయదు. జబ్బుల పేర్లు, మందుల పేర్లు, మోతాదులు, ఎంత వేగంగా చదివినా పట్టుకుంటుంది. అందుకే ఎంత వింటోందన్నది పక్కన పెట్టి, విన్నది ఎక్కడ జారిపోతోందో చూడాలనుకున్నాను.

తప్పు దొరికిన చోటు

క్లాసు కోసం రాయించి రికార్డు చేయించిన హ్యాండోవర్ సంభాషణ ఒకటి ఉంది. రాత్రి డ్యూటీ నర్సు పొద్దున వచ్చిన నర్సుకు ఒక పేషెంటును అప్పగిస్తుంది. ఇన్‌ఫ్యూజన్ పంపు (నరంలోకి మందు ఎక్కించే యంత్రం) అలారం రాత్రి రెండుసార్లు ‘వెంట్ ఆఫ్’ అంటుంది. పేషెంటు మోచెయ్యి మడిచి పడుకుంటారు, ఆ చేతిని ఒక కంట కనిపెట్టమంటుంది. అంతే. ప్రశ్న: పగటి నర్సు ముందుగా చూడాల్సింది ఏమిటి? పంపు మార్చడమా, చెయ్యి ఎలా ఉందో చూడటమా, డాక్టరుకు చెప్పడమా?

ఆమె పంపు మార్చాలని గుర్తు పెట్టింది. ఎందుకని అడిగాను.

“అలారం రెండుసార్లు ఆగిపోయింది అన్నారు కదా మేడమ్. అలారం మోగని పంపును ఎలా నమ్ముతాం? ముందు అది తీసేయాలి. చెయ్యి సంగతి తర్వాత.”

ఈ సమాధానాన్ని ఒకసారి నర్సు కళ్ళతో చూడండి. అందులో తర్కలోపం ఏమీ లేదు. అలారం పనిచేయని పంపు నిజంగానే ప్రమాదం. ఆరేళ్ళ ఐసీయూ అనుభవం ఉన్న మనిషి ఆలోచించాల్సింది అలాగే. పైగా మోచెయ్యి మడిస్తే లైను మూసుకుపోయి అలారం మోగుతుందని నాకంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ‘వెంట్ ఆఫ్’ అంటే ఇక్కడ మోగింది అని, ఆమె ఆగింది అనుకుంది. వాక్యంలో ఆ ఒక్క మాట తిరగబడింది, మిగిలిన వాక్యమంతా ఆ మాటకు తగ్గట్టు సర్దుకుంది. తెలియని మాట తగిలితే మనిషి ఆగుతాడు, మళ్ళీ అడుగుతాడు. తెలుసు అనుకున్న మాట తప్పుగా తెలిస్తే ఆగడానికి కారణమే ఉండదు. ఆమెకు 30 మార్కులు ఎక్కడ పోయాయో నాకు అప్పుడు అర్థమయింది.

ఒకే మాట, రకరకాల నోళ్ళు

ఆ రోజే ‘గో ఆఫ్’ (వెంట్ ఆఫ్, గాన్ ఆఫ్, గోయింగ్ ఆఫ్ దాని రూపాలే) ఉన్న వాక్యాలు కొన్ని చదివి, ఒక్కోదాన్ని వెంటనే తెలుగులో చెప్పమన్నాను. ఆలోచించుకునే సమయం ఇవ్వలేదు, ఎందుకంటే వార్డులో ఎవరూ ఇవ్వరు. ఎంచుకున్నవన్నీ బ్రిటన్‌లో పేషెంట్లు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు, వార్డు సిబ్బంది మామూలుగా అనే మాటలే.

ఫ్రిజ్‌లో పాలు ‘గాన్ ఆఫ్’ అన్నాను. “పాలు అయిపోయాయి” అంది. విరిగిపోయాయి, పాడైపోయాయి అని అసలు అర్థం. అయిపోయిన పాలతో నష్టం లేదు, పాడైన పాలు తాగిన పేషెంటుకు మాత్రం వాంతులు.

టీ అంటేనే ‘గాన్ ఆఫ్’ అని ఒక గర్భిణి అంటుంది. “టీ మానేశారు” అంది. దగ్గరగా వచ్చింది కానీ సరిపోదు. మానేయడం మనం తీసుకునే నిర్ణయం. ఇక్కడ జరిగింది ఇష్టం పోవడం, నోటికి సహించకపోవడం. ఈ తేడా వైద్యంలో చిన్నది కాదు. ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగిన మనిషికి ఉన్నట్టుండి సిగరెట్టు వాసనే గిట్టకపోవడం కాలేయానికి వైరస్ సోకినప్పుడు కనిపించే పాతకాలపు ఆనవాలు. “మానేశారు” అని రాసుకుంటే ఆ ఆనవాలు కాగితం మీద మంచి అలవాటుగా మారిపోతుంది.

ముసలావిడ కాళ్ళ విషయంలో ‘గాన్ ఆఫ్’ అని కూతురు చెబుతుంది. బ్రిటిష్ ఆసుపత్రుల్లో ఇది రోజూ వినపడే మాట. “కాళ్ళు జారి పడ్డారు” అంది మా నర్సు. పడలేదు. మొన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషి ఇప్పుడు లేచి నడవలేకపోతోంది, అంతే. పడ్డారు అనుకుంటే ఎముక విరిగిందేమోనని చూస్తాం. నడక పోయింది అని అర్థమైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ దగ్గర నుంచి మందుల ప్రభావం దాకా వెతుకుతాం. వయసు మళ్ళినవాళ్ళలో ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు జ్వరం రూపంలో కాక ఇలా బయటపడుతుంది.

తర్వాతి వాక్యం పిల్లల వార్డులోది. తల్లి గొంతు తగ్గించి, పాప ఇప్పుడే ‘గాన్ ఆఫ్’ అంటుంది. నేను చదవడం ముగించేలోపే ఆమె మొహం మారిపోయింది. “పాప పోయిందా మేడమ్?”

నిద్రపోయింది, అంతే.

చివరిది నేను కావాలనే ఆఖరున ఉంచాను. వార్డులో ఒక నర్సు ఇంకో నర్సును పిలిచి, నాలుగో బెడ్డులో ఆయన ‘గోయింగ్ ఆఫ్’ అంటుంది. “వెళ్ళిపోతున్నారు, డిశ్చార్జి” అని మా నర్సు తడుముకోకుండా చెప్పింది. బ్రిటన్ వార్డుల్లో దానర్థం పేషెంటు పరిస్థితి దిగజారిపోతోంది, పరుగెత్తండి అని. అక్కడి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన హెచ్చరిక స్కోరు ఒకటి ఉంది, ‘న్యూస్ 2’ అంటారు. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్, ఈ ఆరింటికీ అంకెలు వేసి కలుపుతారు. మొత్తం 7 లేదా అంతకు మించితే అత్యవసర బృందాన్ని పిలవాలి. ఆమెకు ఆ పట్టిక కంఠతా వచ్చు. కాగితం మీద 7 అని ఉంటే తప్పక పరుగెత్తుతుంది. అదే కబురు నోటిమాటగా వస్తే డిశ్చార్జి కాగితాలు తెస్తుంది. ఈ ఒక్క వాక్యం కోసమైనా పరీక్ష మార్కుల సంగతి పక్కన పెట్టి ఈ క్రియ మీద కూర్చోవాలని నాకు అనిపించింది.

మన నోట్లోని ‘ఆఫ్’

ఇంత తెలివైన మనిషి ఒకే మాట దగ్గర ఇన్ని విధాలుగా పొరబడటానికి కారణం ఇంగ్లీషులో కంటే తెలుగులోనే ఎక్కువ ఉంది. ‘ఆఫ్’ మనకు కొత్త మాట కాదు. లైటు ఆఫ్ చెయ్యి, ఫ్యాను ఆఫ్ చెయ్యి, ఫోను స్విచాఫ్ వస్తోంది. నర్సులకైతే ఇంకో అర్థం కూడా ఉంది: “రేపు నాకు ఆఫ్.” అన్నిటిలోనూ ఉన్నది ఆగడం, లేకపోవడం. చిన్నప్పటి నుంచి ఇంట్లో పాతుకుపోయిన ఈ అర్థం ‘అలారం వెంట్ ఆఫ్’ వినగానే అందరికంటే ముందు లేచి నిలబడుతుంది. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు సాయం చేస్తాయని చాలామంది నమ్మకం. వస్తువుల పేర్ల విషయంలో అది నిజమే. ఇలాంటి చిన్న మాటల విషయంలో మాత్రం అవే అడ్డం పడతాయి.

దీనికి తోడు ఉచ్చారణ గొడవ ఒకటి. మనం ఆఫ్ టికెట్ అంటాం, ఆఫ్ బాయిల్ అంటాం, కాలేజ్ ఆఫ్ నర్సింగ్ అంటాం. సగం అనే ఇంగ్లీషు మాట, ‘యొక్క’ అర్థమిచ్చే మాట, మన ‘గో ఆఫ్’లోని మాట, మూడూ మన నోట్లో ఒకటే. ఇంగ్లీషువాళ్ళ నోట్లో మూడూ వేరు. సగానికి ముందు హకారం ఉంటుంది, అచ్చు దీర్ఘం. ‘యొక్క’కు చివర వకారం లాంటి ధ్వని, అదీ మాటల మధ్య దాదాపు మింగేస్తారు. ‘గో ఆఫ్’లోని మాటకు అచ్చు పొట్టిది, పెదవులు కొద్దిగా గుండ్రం, మీద ఒత్తు పడుతుంది. ఆ ఒత్తు వినడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

మిగతా సగం సంధి. ఇంగ్లీషువాళ్ళు విడివిడిగా పలకరు. వెంటాఫ్, గానాఫ్, గోజాఫ్, గోయింగాఫ్ అని కలిపేస్తారు. మా నర్సు ‘గానాఫ్’ను ఒక తెలియని మాటగా విని వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. తన పాత రికార్డింగులు మళ్ళీ వినిపిస్తే, “ఇక్కడ గానాఫ్ అనే మాట ఏదో ఉంది, మందు పేరేమో అనుకున్నాను” అంది. సంధులు చదివిన భాషవాళ్ళం, రాముడు అతడు కలిస్తే రాముడతడు అవుతుందని బడిలోనే నేర్చుకున్నాం. ఆ సంగతి గుర్తు చేస్తే చాలు, క్లాసులో సంధి విడదీయడం నర్సులు చాలా త్వరగా పట్టుకుంటారు.

జాబితా ఎందుకు పనికిరాలేదు

ఆమె దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. అందమైన చేతిరాత. ‘గో ఆఫ్’ అని రాసి, కింద వరసగా పేలు, మోగు, ఆగు, చెడిపోవు, వెళ్ళిపోవు, నిద్రపోవు, ఇష్టం పోవు అని అర్థాలు రాసుకుంది. అన్నీ సరైనవే. పరీక్ష పెడితే పది సెకన్లలో అప్పజెప్పేస్తుంది కూడా. అయినా పంపు అలారం దగ్గర బోల్తాపడింది.

ఈ జాబితాల చదువు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. క్రియను తలమీద పెట్టుకొని, కింద అర్థాలు వేలాడదీస్తే, వినేటప్పుడు మనసు ఆ జాబితాను పై నుంచి కిందకు వెతకాలి. మాట్లాడేవాళ్ళు అంతసేపు ఆగరు. అందుకే మొదట దొరికినదాన్ని పట్టుకుంటుంది. ఎక్కువసార్లు మొదట దొరికేది మన ఇంట్లో ఉన్న ‘ఆఫ్’. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ దాని ముందుమాటలోనే, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతే పరాయివాళ్ళకు అన్నిటికంటే కష్టమని రాశాడు. ఆ కష్టాన్ని ఏడు అర్థాల వరసగా మార్చి బట్టీ పట్టించడం మాత్రం పరీక్షల వ్యాపారం చేసిన పని.

నేను ఆమెను ఆ పేజీ మూసేయమన్నాను. కొత్త పేజీలో క్రియ రాయనివ్వలేదు. పాలు, కరెంటు, అలారం, పసిబిడ్డ, పేషెంటు, నడక, ఆకలి అని ఎడమవైపు పేర్లు రాయించాను. ఇంగ్లీషులో ‘గో ఆఫ్’ అర్థం ‘గో’లోనూ లేదు, ‘ఆఫ్’లోనూ లేదు. దాని ముందు వచ్చే కర్తలో ఉంది. టీ, కాళ్ళ విషయంలో మాత్రం వెనక వచ్చే మాటలో ఉంది. ఏది పోయిందో తెలిస్తే ఎలా పోయిందో తెలుస్తుంది.

పోవు

ఈ మాట అనగానే ఆమె తనంతట తాను ఒక సంగతి పట్టుకుంది. “మనమూ అంతే కదా మేడమ్. పోయింది అంటే ఏం పోయిందో అడుగుతాం.”

అవును. ఫోనులో ఎవరైనా “పోయింది” అని మాత్రం అంటే మనం వెంటనే అడిగేది “ఏం పోయింది?” అనే. కరెంటు పోయిందా, బస్సు వెళ్ళిపోయిందా, పర్సు పోయిందా, పెద్దావిడ పోయిందా. ‘పోవు’ అర్థాల జాబితాను మనం ఎప్పుడూ బట్టీ పట్టలేదు. కర్త వినగానే అర్థం దానంతట అదే వస్తుంది. అక్కడి నుంచి ఇద్దరం కలిసి ఎడమవైపు పేర్లన్నిటికీ కుడివైపు తెలుగు రాశాం. పాలు విరిగిపోయాయి. కరెంటు పోయింది. పాప నిద్రపోయింది. బాంబు పేలిపోయింది. ఆయన చెప్పకుండా వెళ్ళిపోయారు. టీ మీద ఇష్టం పోయింది. ముసలావిడకు నడక పోయింది. నాలుగో బెడ్డు ఆయన పరిస్థితి దిగజారిపోతోంది. ఫంక్షను చక్కగా జరిగిపోయింది.

రాస్తున్నకొద్దీ ఆమెకు ఉత్సాహం వచ్చింది, నాకూ వచ్చింది. ఇంగ్లీషు ‘ఆఫ్’ చేసే పనిలో చాలా భాగం తెలుగులో మరో క్రియకు తోకగా వచ్చే ‘పోవు’ చేస్తోంది. ఉన్న స్థితి నుంచి మరో స్థితికి, తిరిగి రావడం కష్టమయ్యేలా, జారిపోవడం రెండింటిలోనూ ఉంది. ఇంగ్లీషులో ‘ఆఫ్’ ఒకప్పుడు ‘యొక్క’ అర్థమిచ్చే మాటతో కలిసి ఒకటే పదం. దూరంగా, విడిపడి అన్నది దాని మూలార్థం. మన ‘పోవు’ మూలార్థమూ దానికి దగ్గరే, వెళ్ళడం. పసిబిడ్డ వాక్యం దగ్గర ఆమె ఎందుకు ఉలిక్కిపడిందో కూడా ఇక్కడే తేలింది. ఆమె మనసు ‘గాన్ ఆఫ్’ను అప్పటికే ‘పోయింది’గా మార్చుకుంది. దారి సరైనదే, ‘నిద్ర’ ఒక్కటే చేరలేదు.

ఈ పోలికకు హద్దులున్నాయి, అవి చెప్పకుండా నేర్పితే మళ్ళీ ప్రమాదమే. కాళ్ళ విషయంలో మనవాళ్ళు “కాళ్ళు పడిపోయాయి” అంటారు. అది పక్షవాతం. ఇంగ్లీషు మాటకు అంత తీవ్రత లేదు. అందుకే “నడక పోయింది” అని ఖాయం చేసుకున్నాం. పెద్ద హద్దు మాత్రం అలారం దగ్గర. “అలారం పోయింది” అంటే తెలుగులో చెడిపోయిందనే అర్థం, లేదంటే ఎవరో ఎత్తుకుపోయారని. ఏ విధంగా చూసినా మోగిందన్న అర్థం రాదు.

మొదలా, ముగింపా

లైటు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరింది, అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది. ఒకే క్రియ ఒకచోట ఆగడం, ఒకచోట మొదలవడం. నర్సులందరూ చిక్కుకునేది ఇక్కడే. నేను వాడే ఉపమానం ఎలుక బోను. స్ప్రింగును లాగి, కొక్కేనికి తగిలించి పెడతాం. అంతవరకూ నిశ్శబ్దం. ఎలుక ముట్టుకోగానే కొక్కెం నుంచి విడిపడి టప్పున మూసుకుంటుంది. ఆ విడిపడటమే ‘గో ఆఫ్’. తుపాకీ, బాంబు, అలారం, పొగను పసిగట్టే పరికరం, కారులో ఎయిర్‌బ్యాగు, కెమెరా ఫ్లాషు, అన్నీ ఎక్కుపెట్టి ఎదురుచూస్తున్న వస్తువులే. అవి విడిపడితే పని మొదలవుతుంది. లైటు, హీటరు, టీవీ, ఫ్యాను నిరంతరం నడుస్తూ ఉండేవి. అవి కరెంటు నుంచి విడిపడితే పని ఆగుతుంది. విడిపడటం రెండుచోట్లా ఒకటే, వస్తువు స్వభావమే వేరు.

కాబట్టి ప్రశ్న ఒక్కటి: ఈ వస్తువు నడుస్తూ ఉండేదా, కాచుకుని ఉండేదా? ఆమెకు ఇది చెప్పాక తప్పు పోవడం దాదాపు ఆగిపోయింది. కానీ తన వృత్తి తెలివితో నన్నే ఒక ప్రశ్న అడిగింది: “మరి మానిటర్ మేడమ్? అది నడుస్తూనే ఉంటుంది, కాచుకునీ ఉంటుంది.”

చాలా మంచి ప్రశ్న. ఐసీయూ మానిటర్ తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, అదే పెట్టెలో అలారమూ ఉంటుంది. మానిటర్ ‘వెంట్ ఆఫ్’ అని గతంలో చెబితే తెర ఆరిందో, అలారం మోగిందో ఇంగ్లీషువాళ్ళకే సందర్భం కావాలి. ఇక్కడ క్రియారూపం కొంత ఆదుకుంటుంది. ‘గోయింగ్ ఆఫ్’ అని జరుగుతున్నట్టు చెబితే, అదీ మాటిమాటికీ అని తోడైతే, మోగుతోందనే. తెర అలా ఆరుతూనే ఉండదు కదా. అప్పటికీ అనుమానం మిగిలితే తిరిగి అడగడమే: అలారం మోగిందా, మిషనే ఆరిపోయిందా అని. మా నర్సులకు ఇలా అడగడం నామోషీ. సీనియర్ చెప్పింది అర్థం కాలేదంటే ఏమనుకుంటారో అని జంకు. మన ఆసుపత్రుల్లో నేర్పిన అణకువ అది. ఓఈటీ మాట్లాడే పరీక్షలో మాత్రం అస్పష్టంగా ఉన్న మాటను విడమరిచి అడగడానికి విలువ ఉంది, సమాచారం రాబట్టే నైపుణ్యాల్లో దాన్ని చూస్తారు. ఈ మాట చెప్పాక ఆమె అడగడం మొదలుపెట్టింది. వినడం బాగుపడటానికి ఈ అడగడమే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం.

చెవికి వేరు, చేతికి వేరు

ఈ దశలో చాలామంది టీచర్లు, ఇన్ని అర్థాలు వచ్చాయి కదా, ఇక మీరూ వాడండి అంటారు. నేను అనను. ఓఈటీ రాత పరీక్షలో నర్సు రాసేది ఎక్కువగా రెఫరల్ ఉత్తరమో, డిశ్చార్జి ఉత్తరమో. అందులో పేషెంటు తిండి విషయంలో ‘గాన్ ఆఫ్’ అని రాస్తే ఇంటి మాట ఆఫీసు కాగితంలోకి వచ్చినట్టుంటుంది. ఆకలి తగ్గింది, నడక తగ్గింది, పరిస్థితి క్షీణిస్తోంది అని సాదా మాటల్లో రాయాలి. పేషెంటు నోట ఒక మాట విని, కాగితం మీద మరో మాట పెట్టడం నర్సు పనిలో భాగమే. తెలుగులోనూ “అన్నం సహించట్లేదమ్మా” అని పేషెంటు అంటే కేసు షీటులో వేరే మాట రాస్తాం కదా.

అందుకని మా నోట్‌బుక్‌లో మూడో గడి పెట్టించాను. ఎడమవైపు కర్త, మధ్యలో తెలుగు, కుడివైపు ఉత్తరంలో రాయాల్సిన ఇంగ్లీషు. ‘గో ఆఫ్’ ఆ పేజీలో ఎక్కడా కనిపించదు. అది చెవి పని.

దేశాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పాలు, టీ, నిద్ర అర్థాలు బ్రిటన్ వాడుక. అమెరికా వెళ్ళేవాళ్ళకు పాలు చెడిపోయాయని చెప్పడానికి వేరే మాటలు వినిపిస్తాయి. అక్కడ ఒక మనిషి ఇంకొకరి మీద ‘వెంట్ ఆఫ్’ అంటే విరుచుకుపడ్డారని అర్థం. అదీ మోగిన అలారం కోవలోదే. అందుకే ఎవరు ఏ దేశానికి వెళుతున్నారో తెలుసుకుని అక్కడ అవసరమైనవి ముందు నేర్పుతాను.

తర్వాత

మళ్ళీ రాసిన పరీక్షలో ఆమెకు వినడంలో 370 వచ్చింది. ఇదంతా ఒక క్రియ పుణ్యమని చెప్పను. 42 ప్రశ్నల్లో ‘గో ఆఫ్’ ఒక్కసారి రావచ్చు, అసలు రాకపోవచ్చు. మారింది ఆమె వినే తీరు. మాట వినగానే జాబితా వెతకడం మానేసి, ఎవరి గురించి, దేని గురించి అన్నది పట్టుకుని కూర్చోవడం అలవాటైంది. క్రియకు చిన్న మాట తగిలిన ఇలాంటి మిగతా ఫ్రేజల్ వెర్బులకూ అదే అలవాటు పాకింది.

ఇప్పుడు ఆమె ఉత్తర ఇంగ్లండులో ఒక వార్డులో పనిచేస్తోంది. కొత్తగా విన్నవి వాయిస్ మెసేజులుగా పంపుతుంది. సహోద్యోగి ఒకరు సిక్ అని ‘గాన్ ఆఫ్’ అని వార్డులో ఎవరో అన్నారట. ఎవరికో ఒంట్లో దిగజారిందనుకుని ఒక్క క్షణం కంగారుపడి, కర్త పేషెంటు కాదు, నర్సు అని గుర్తొచ్చి ఊరుకుంది. ఆ నర్సు అనారోగ్య సెలవు పెట్టిందని అర్థం. ఇంకోసారి, ఇళ్ళు కట్టే పని చేసే పేషెంటు ఒకాయన, తను పడిపోయిన రోజు కాంక్రీటు ఇంకా ‘గాన్ ఆఫ్’ కాలేదని చెప్పారట. చెడిపోవడం కాదు, ఆగడం కాదు. మా పేజీలో కాంక్రీటు లేదు. కానీ ఆమె నన్ను అడగలేదు. “గట్టిపడిపోలేదు అనే కదా మేడమ్?” అని తనే రాసింది. అవును, అదే.

ప్రస్తుతం ఉన్న బ్యాచ్‌తో ‘కమ్ రౌండ్’ మీద ఇదే పద్ధతి ప్రయత్నిస్తున్నాను. ఆపరేషన్ తర్వాత పేషెంటు స్పృహలోకి వచ్చారు. మందు వద్దన్న ఆయన చివరికి దారికి వచ్చారు. చెల్లెలు చూడటానికి ఇంటికి వచ్చింది. ఏడాది తిరిగి టీకా సమయం వచ్చింది. నాలుగూ ‘కమ్ రౌండ్’, నాలుగింటికీ తెలుగులో ‘వచ్చు’. ఎడమవైపు గడిలో ఈసారి ఏ పేర్లు రాయాలో నర్సులే చెబుతున్నారు.